పెప్టైడ్ల పరిశోధన: ఖరగ్‌పూర్ విద్యార్థికి ఒక దారి

బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఉద్యోగమంటే రైల్వే అన్న భావన బలంగా నాటుకుంది. అదే ఊళ్లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ఐఐటీ మొదలైనప్పటికీ, అక్కడ ఇంజినీరింగ్‌తో పాటు రసాయనశాస్త్రం, జీవశాస్త్రాలలో కూడా గట్టి పరిశోధన సాగుతోందన్న సంగతి ఎందరో తల్లిదండ్రుల దృష్టికి రాదు. రసాయనశాస్త్రం మీద ఇష్టమున్న విద్యార్థికి పెప్టైడ్లు, ప్రోటియోమిక్స్ రంగం ఎంతో అనువైనది.

అమైనో ఆమ్లాలు వరుసగా కలిస్తే ఏర్పడే పొట్టి గొలుసును పెప్టైడ్ అనీ, పొడవైన గొలుసు ఒక నిర్దిష్ట ఆకృతిలో ముడుచుకొని పనిచేస్తే దానిని ప్రోటీన్ అనీ అంటారు. ఒక కణంలోనో కణజాలంలోనో ఒకానొక సమయంలో ఉన్న ప్రోటీన్లన్నింటినీ మూకుమ్మడిగా గుర్తించి కొలిచే శాస్త్రం ప్రోటియోమిక్స్.

ఈ రంగంలో ఒక శాస్త్రవేత్త జీవితం ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) చరిత్ర చక్కని ఉదాహరణ. ఎద్దు వీర్యద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రోటీన్‌కు బాక్టీరియాను అణచే గుణముందని ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప ఎం. భార్గవ 1979లో ప్రకటించారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి. బాలరామ్‌తో కలిసి, ఒక శిలీంధ్రం తయారుచేసే అలమెథిసిన్ అనే పెప్టైడ్ కణత్వచంలో రంధ్రాలు ఎలా ఏర్పరుస్తుందో పరిశోధించిన ఆర్. నాగరాజ్, తరువాత సీసీఎంబీలో ఎన్. సీతారామ్‌తో కలిసి సెమినల్‌ప్లాస్మిన్‌ను మరో కోణంలో చూశారు. 47 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో నీటికి విముఖంగా ఉండే 13 అమైనో ఆమ్లాల భాగాన్ని మాత్రమే కృత్రిమంగా తయారుచేస్తే, అది కూడా బాక్టీరియాను చంపగలదనీ, అయితే ఎర్ర రక్తకణాలను సైతం పగలగొడుతుందనీ 1990లో వెల్లడించారు. మందుగా చూస్తే ఇది లోపమే. పరిశోధకుడికి మాత్రం ఇదే అసలైన ప్రశ్న. బాక్టీరియా త్వచాన్ని ఛేదిస్తూ మనిషి కణాన్ని వదిలిపెట్టాలంటే ఏ అమైనో ఆమ్లాన్ని మార్చాలి, ధనావేశాన్ని ఎంత పెంచాలి అన్న అన్వేషణ ఒక జీవితకాలానికి సరిపడేంత విస్తృతమైనది.

చేతిపని నైపుణ్యం ఇక్కడ చాలా విలువైనది. పెప్టైడ్ల తయారీకి రసాయనశాస్త్రవేత్త మెరిఫీల్డ్ 1963లో ప్రకటించిన పద్ధతిలో, రెసిన్ పూసకు అంటించిన మొదటి అమైనో ఆమ్లానికి మిగిలినవాటిని రైలు పెట్టెకు పెట్టె తగిలించినట్టు ఒక్కొక్కటిగా జోడిస్తారు. ప్రతి మెట్టూ 99 శాతం సఫలమైనా, 30 మెట్లు గడిచేసరికి సరైన గొలుసు సుమారు 74 శాతమే మిగులుతుంది కాబట్టి, మలినాలను వేరుచేయడం తెలిసినవారికి పరిశోధనశాలలలోనూ, న్యూలాండ్, దివీస్ వంటి హైదరాబాద్ సంస్థలలోనూ గిరాకీ ఉంటుంది.

ప్రోటియోమిక్స్‌లో ప్రోటీన్లను ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేసి, ఆ ముక్కల ద్రవ్యరాశిని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలిచి, కంప్యూటర్ సాయంతో మూల ప్రోటీన్‌ను గుర్తిస్తారు. బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కలిసి 2014లో ప్రచురించిన మానవ ప్రోటీన్ల ముసాయిదా పటంలో 17,294 జన్యువుల ప్రోటీన్లు నమోదయ్యాయి. ఇంత సమాచారాన్ని విశ్లేషించాలంటే గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ తప్పనిసరి. గణితం తప్పించుకోవడానికి జీవశాస్త్రం తీసుకున్నవారు ఇక్కడ ఇబ్బంది పడతారు.

డిగ్రీలో రసాయనశాస్త్రాన్ని లోతుగా చదివి, ఐఐటీ జామ్ ప్రవేశపరీక్ష ద్వారా ఎమ్మెస్సీలో చేరి, ఆ తరువాత జీవశాస్త్రాన్ని నేర్చుకోవడం మంచి క్రమం. మిద్నాపూర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయం, కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ (ఐఐసీబీ) ఖరగ్‌పూర్‌కు చేరువలోనే ఉన్నాయి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధించినవారికి 2023 నుంచి నెలకు రూ. 37,000, సీనియర్ ఫెలోకు రూ. 42,000 చొప్పున చెల్లిస్తున్నారు. పీహెచ్‌డీ అంటే ఏళ్ల తరబడి ఇంటికి భారమవుతుందని భయపడే కుటుంబాలు ఈ అంకెలను ఒకసారి పరిశీలించి, పిల్లలను ప్రయోగశాల దాకా వెళ్లనివ్వాలి.