ఇసక మీద నీళ్ళు పొయ్యకు

బాపట్ల

చి. బుజ్జికి మామయ్య దీవించి రాయునది.

నిన్న అక్క ఫోన్ చేసింది. నువ్వు స్నేహితులతో సూర్యలంక వచ్చి, రెండు రోజులుండి, అటునుంచి అటే హైదరాబాద్ వెళ్ళిపోయావట. అక్కణ్ణించి మా ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. సరే, ఆ సంగతి తర్వాత. కారు నిండా ఇసకేననీ, సీటు జరిపితే కరకరమంటోందనీ, ఆదివారం కారు లోపల కూడా నీళ్ళు కొట్టించి షాంపూ పెట్టిస్తానన్నావనీ చెప్పింది. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడంలేదు. మీ అత్త నవ్వుతోంది, నవ్వనీ. ఫోన్లో చెబితే సగం వినకుండానే "సరే మామయ్యా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను.

పొడి ఇసక దులిపితే పోతుంది. తడిసిందంటే కార్పెట్ పోగుల్లోంచి అడుక్కి దిగుతుంది. కార్పెట్ కింద బొంతలాంటి దళసరి పొర ఒకటుంటుంది. అది నీళ్ళు తాగితే వారమైనా ఆరదు, ఆపైన ముక్కవాసన. పైగా ఇది ఏటి ఇసక కాదు, సముద్రానిది. వానాకాలం మన వంటింట్లో ఉప్పు జాడీ ఎలా చెమరుస్తుందో చూశావుగా! ఆ ఉప్పే అక్కడ చేరి చెమ్మని పట్టుకుని కూర్చుంటే కింద రేకు తుప్పుపడుతుంది. బకెట్టు చేతికొస్తే నా మొహం గుర్తు తెచ్చుకో.

ముందు మ్యాట్లు తీసి గోడకేసి కొట్టు. తలుపులు నాలుగూ తెరిచి ఒకపూట మంచి ఎండలో వదిలెయ్. (నువ్వు మాత్రం నీడలో ఉండు. నీకు ఎండ పడితే తలనొప్పి వస్తుంది.) ఆరాక అరచేత్తో కార్పెట్ మీద దరువు వెయ్యి. అడుగునున్నది ఎగిరి పైకొస్తుంది, అప్పుడే వాక్యూమ్ పెట్టి లాగాలి. మళ్ళీ దరువు, మళ్ళీ వాక్యూమ్. రాత్రయినా సరే, గొట్టంలో గలగల ఆగేదాకా. పంచరు షాపులో గాలి మాత్రం కొట్టించకు, ఇసకంతా స్విచ్చుల్లోకీ ఏసీ రంధ్రాల్లోకీ పోతుంది. డాష్‌బోర్డుని గుడ్డతో రుద్దితే గరుకు కాయితంతో రుద్దినట్టే. మెత్తటి రంగుల బ్రష్షుతో ఊడ్చు.

ఇక సీటు కింద పట్టాలు. అసలు నా బెంగంతా వాటి గురించే.

కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో ఎంత జనమో నీకు తెలుసు. నేను ఓనరు గారి అంబాసిడర్ నడిపే రోజుల్లో చీకటితో మొదలుపెట్టి ట్రిప్పు మీద ట్రిప్పు, తడిబట్టలతో తొమ్మిదేసి మంది. గేరు స్టీరింగ్ పక్కన, ముందు సీటు బెంచీ, అందుకని ముందే నలుగురం. మధ్యాహ్నానికి సీటు జరగనంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, తెలివి పొంగిపొర్లుతోంది. పట్టాలకి గ్రీజు దట్టించాను. గ్రీజులో ఇసక కలిస్తే ఏమవుతుందో తెలుసా? మెకానిక్కులు వాల్వులు నూరే పేస్టు! రెండ్రోజుల్లో సీటు బాగా ముందుకొచ్చి అక్కడే బిగుసుకుంది. ఓనరు గారు పొట్టి, ఆయనకి సుఖమే. నాకు మాత్రం చక్రానికి అటో మోకాలు, ఇటో మోకాలు, అచ్చం కప్పలా. ఆ కారులోనే పొన్నూరు పెళ్ళిచూపులకి వెళ్ళాను. దిగేసరికి నడుం పట్టేసి వంగి వంగి నడిచాను. ఈ కాలంలో ఇంత వినయమా అని మా మామగారు మురిసిపోయారట. మీ అత్తకి నిజం పెళ్ళయ్యాక తెలిసింది.

కాబట్టి పట్టాల్లో ఇసక ఉండగా గ్రీజు, నూనె, ఏదీ వెయ్యకు. వాక్యూమ్ మూతి ఆ సందులో దూరదు. మొక్కలకి నీళ్ళు పట్టే సన్నగొట్టం జానెడు కోసి, మూతికి పెట్టి టేపు చుట్టు. మోటారు వేడెక్కితే కాసేపు ఆపు. సీటు ముందుకి లాగి వెనకవైపు, వెనక్కి నెట్టి ముందువైపు తియ్యి. కింద పసుప్పచ్చ ప్లగ్గున్న వైరు కనిపిస్తే చెయ్యి పెట్టకు, ఎయిర్‌బ్యాగుది.

నాలుగేళ్ళప్పుడు నువ్వు గౌను జేబుల్నిండా ఇసక తెచ్చి అంబాసిడర్ వెనకసీటు సందులో పోశావు. ఎందుకే అంటే, "ఇంటిదగ్గర సముద్రం పెడదామని" అన్నావు. అక్క తిట్టింది. నేనేమీ అనలేదు. అప్పటికి కారు నాదే. 2013లో దాన్ని అమ్ముతూ సీటు పీకితే రేకు మీద చారెడు ఇసకా, అందులో అతుక్కుపోయిన పిప్పరమెంటు కాయితమూ కనిపించాయి. కొనేవాడు చూడకుండా జేబులో వేసుకున్నాను. మరుసటేడు ఆ కార్ల తయారీయే ఆగిపోయింది.

ఈసారి సముద్రానికొస్తే కారెక్కే ముందు సీటు అంచున కూర్చుని, కాళ్ళు బయటపెట్టి, కాస్త పౌడరు చల్లి దులుపుకో. అదీ వద్దు, చెప్పులు చేత్తో పట్టుకుని నేరుగా ఇంటికొచ్చెయ్. దొడ్లో పంపు ఉంది. ఆ ఇసకతోనే వచ్చినా మీ అత్త ఏమీ అనదు.

ఇట్లు,
మామయ్య

మరిచాను. మ్యాట్లు తిరిగి వేసేటప్పుడు డ్రైవరు వైపుది కొక్కేలకి సరిగా తగిలించు. జారి యాక్సిలరేటర్ కిందికి పోతుంది. తగిలించాక ఒక ఫోన్ కొట్టు, ఎంత రాత్రయినా పర్లేదు, మేలుకునే ఉంటాను.