పాటలపెట్టెను ఎన్నుకొను విధము



కొన్ని సంవత్సరముల క్రిందట మా గాయకబృందము పాడిన పాటలను ఒక చిన్న యంత్రమునందు రికార్డు చేసి యుంచితిమి. యంత్రము చెడిపోయెను. ఫైళ్లు కంప్యూటరులో భద్రముగనే యున్నవి. కాని ఆ కంపెనీవారి సాధనము తప్ప మఱేదియు వానిని చదువజాలకపోయెను. వానిలో పిమ్మట కాలధర్మము నొందిన మా సంగీతోపాధ్యాయిని కంఠస్వరము గలదు. అట్టి నష్టము మీకు కలుగకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

ధ్వనిని అంకెలుగా మార్చి ఫైలునందు అమర్చు పద్ధతికి ఫార్మాటు అని పేరు. ఇది లిపివంటిది. అందఱెఱిగిన లిపిలో వ్రాసిన జాబును ఎవరైనను చదువగలరు. వ్రాసినవానికే తెలిసిన గుర్తులతో వ్రాసినచో, అతడు లేనినాడు ఆ జాబు వ్యర్థము.

2001లో వెలువడిన ఫ్లాక్, 2002లో స్థిరరూపము నొందిన ఆగ్ వోర్బిస్ అందఱకును తెఱచియుంచిన ఫార్మాటులు. ఎంపీ3కి పేటెంటు రుసుములుండెడివి. 2017లో ఆ లైసెన్సు ఏర్పాటు ముగిసెను. సీడీలోని ఒక నిమిషపు సంగీతము ఇంచుమించు 10 మెగాబైట్లు. సామాన్యపు ఎంపీ3లో 1 మెగాబైటు మాత్రమే. చెవికి అంతగా తెలియని భాగములను విడుచుటచే ఇట్లగును. ఫ్లాక్ ఏమియు విడువదు.

కొందఱు వర్తకులు పాటకు తాళము వేసి అమ్మిరి. మైక్రోసాఫ్టువారు 2004లో 'ప్లేస్ ఫర్ ష్యూర్' అను గుర్తును ప్రవేశపెట్టిరి. ఆ గుర్తుగల అంగళ్లలో కొన్న తాళపు పాటలను, 2006లో వారే చేసిన జూన్ అను యంత్రము పాడజాలకపోయెను! ఆపిల్‌వారు 2003 నుండి అమ్మిన పాటలకు వేసిన తాళమును 2009లో తీసివేసిరి.

కావున కొనునపుడు వీనిని పరీక్షింపుడు:

1. కంప్యూటరునకు తగిలించినంతనే పెన్‌డ్రైవువలె కనబడి, ప్రత్యేక సాధనము లేకయే పాటలను ఇటునటు నకలు చేయనిచ్చునా?

2. ఎంపీ3తోపాటు ఫ్లాక్, ఆగ్ వోర్బిస్ పాడునా? పెట్టెపై వ్రాతను నమ్మక, మీ ఫైలును తీసికొనిపోయి అంగడిలోనే పాడించి చూడుడు.

3. మెమరీ కార్డు పెట్టుటకు చోటు గలదా?

4. రికార్డు చేయునదైనచో, ఏ ఫార్మాటులో చేయును?

మూలప్రతిని ఫ్లాక్‌లో ఉంచి, దానినుండి ఎంపీ3 నకళ్లు తీయుడు. ఎంపీ3ని మరల ఆగ్ వోర్బిస్‌గా మార్చినచో గుణము ఇంకను తగ్గును.

సెలవులలో మీ యింటనున్న పాటల ఫైళ్ల పేళ్ల చివరి అక్షరములను చూచి పట్టిక వ్రాయుడు. తాతగారిదో, అమ్మమ్మగారిదో కంఠస్వరము మూతపడిన ఫార్మాటులో నున్నచో, ఆ యంత్రము పనిచేయుచుండగనే మార్చియుంచుడు. మేము ఆలస్యము చేసితిమి; మీరు చేయకుడు.