ఆ పిల్లలకు ఇల్లుందేమో అడగనివ్వండి

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన ఇంట్లో పదిహేనేళ్ల అమ్మాయి ఒక రాత్రి భోంచేస్తూ, "నేపాల్‌లో పేదపిల్లల కోసం డబ్బు పోగు చేస్తాను" అని ప్రకటించిందనుకోండి. మన ఇళ్లలో మొదట వచ్చే మాట తెలిసిందే: "ముందు నీ చదువు సంగతి చూడు." కాస్త మెత్తని తండ్రి అయితే, "ఎంత కావాలో చెప్పమ్మా, నేనే ఇచ్చేస్తాను" అంటాడు. పైకి అనకుండా లోలోపల అనుకునే మాట ఇంకొకటుంది. "మంచిదే, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చు."

మొదటి మాటవల్ల పెద్ద నష్టం లేదు. పట్టుదల ఉన్న పిల్ల వారం తర్వాత మళ్లీ అడుగుతుంది. రెండోది చేతిలోని పనిని లాగేసుకుంటుంది. నాకు భయం మూడోదంటేనే. అప్లికేషన్ కోసమని మొదలైతే సొంత పేరుతో ఒక ఫౌండేషన్ పుట్టుకొస్తుంది, దానికో లోగో, వెబ్‌సైటు, పదిహేనేళ్లకే 'వ్యవస్థాపకురాలు' అన్న హోదా. సీటు వచ్చిన ఏడాదే అది మూతపడుతుంది. ఆ ఫౌండేషన్ డబ్బుతో బడిలో చేరిన పిల్లవాడు అక్కడ నేపాల్‌లో రెండో తరగతిలోనే ఉంటాడు. మూడో తరగతి ఖర్చు ఎవరు చూస్తారన్న ప్రశ్న ఎవరికీ తట్టదు. అందుకే నా మొదటి సలహా: కొత్త సంస్థ వద్దు. ఏళ్ల తరబడి ఆ పనిలోనే ఉన్నవాళ్లు నేపాల్‌లో ఉన్నారు, మీ అమ్మాయి వాళ్లకు చెయ్యి కలిపితే చాలు.

ఎవరికి కలపాలన్నదే అసలు చిక్కు. నేపాల్ విషయంలో ఈ చిక్కు మామూలుది కాదు.

కానర్ గ్రెన్నన్ అనే అమెరికన్ యువకుడు 2004లో కాఠ్మాండూ దగ్గరి గోదావరి అనే ఊరికి వెళ్లాడు (అవును, అక్కడా ఒక గోదావరి ఉంది). ప్రపంచయాత్ర మొదలుపెడుతూ, కొన్నాళ్లు అనాథాశ్రమంలో పనిచేశానంటే నలుగురిలో బాగుంటుందని కూడా అనుకున్నానని తన పుస్తకంలో దాచకుండా ఒప్పుకున్నాడు. అక్కడి పిల్లలకు ఎవరూ లేరనే అందరూ నమ్మారు. ఒకరోజు ఇద్దరు అన్నదమ్ముల్ని వెతుక్కుంటూ వాళ్లమ్మ వచ్చింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ పిల్లలు వాయవ్యాన టిబెట్ సరిహద్దులో ఉన్న హుమ్లా జిల్లావాళ్లు. అవి మావోయిస్టు యుద్ధం రోజులు. ఊళ్లలో పిల్లల్ని దళాల్లోకి తీసుకుపోతున్నారు. "మీ వాణ్ని కాఠ్మాండూలో క్షేమంగా ఉంచుతాను, ఇంగ్లీషు చదువు చెప్పిస్తాను" అని దళారి వస్తే తల్లిదండ్రులు ఉన్నదంతా ఊడ్చి అతని చేతిలో పెట్టారు. అతను ఆ పిల్లల్నే అనాథలని చూపి విదేశీయుల దగ్గర మళ్లీ డబ్బు గుంజాడు. 2006లో గ్రెన్నన్ పిల్లల ఫొటోలు పట్టుకుని హుమ్లా కొండల్లో కాలినడకన తిరిగి ఆ కుటుంబాలను వెతికాడు. పిల్లల్ని ఇళ్లకు చేర్చడానికి నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అనే సంస్థ పెట్టాడు.

ఇది ఎక్కడో ఒకచోట జరిగిన వింత కాదు. నేపాల్ అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో కనీసం 85 శాతం మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఏళ్లుగా చెబుతోంది. ఆశ్రమాల్లో అత్యధిక భాగం అయిదు జిల్లాల్లోనే ఉన్నాయి: కాఠ్మాండూ, లలిత్‌పూర్, భక్తపూర్, చిత్వన్, పోఖరా ఉన్న కాస్కీ. ఇవన్నీ టూరిస్టులు తిరిగే చోట్లు. పేదరికం ఎక్కువగా ఉన్న హుమ్లా వైపు కర్ణాలీ కొండల్లో కాకుండా విమానం దిగిన వాళ్లకు కనబడేచోట అనాథలు ఎందుకు ఎక్కువయ్యారో మీ అమ్మాయినే ఆలోచించమనండి. రెండు నిమిషాల్లో తనే చెబుతుంది. పదిహేనేళ్ల పిల్లలకు ఇలాంటివి మనకన్నా త్వరగా అందుతాయి.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేలమంది చనిపోయినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి పిల్లల కోసం డబ్బు వచ్చింది. ఆ డబ్బు వెంట దళారులూ వస్తారని తెలిసిన నేపాల్ ప్రభుత్వం, పెద్దలు వెంట లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆంక్ష పెట్టింది, విదేశీ దత్తతలు ఆపింది. ఆస్ట్రేలియా అయితే 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం చేసినప్పుడు అనాథాశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్నీ చర్చకు తెచ్చింది. ఇచ్చేవాళ్లుంటే అనాథలు తయారవుతారని తేలిపోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

ఇదంతా చెబితే పిల్ల మనసు విరిగిపోతుందేమోనని మీకు అనిపించవచ్చు. విరగదు. కాస్త కోపం వస్తుంది, ఆ కోపం మంచిదే. హుమ్లా తల్లి బిడ్డను ఎలా పంపించిందో తెలుసుకోవడానికి మన ఇళ్లలో పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. మీలో ఎంతమంది పదేళ్లకే హాస్టల్‌లోనో గురుకులంలోనో చేరలేదు? ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కించిన మీ అమ్మానాన్నలు చదువు కోసమే పంపారు కదా. మీకు దసరాకీ సంక్రాంతికీ ఇల్లుంది. దశైన్ పండక్కి ఇంటికి వెళ్లే దారి లేకుండా చేసినప్పుడే హుమ్లా పిల్లవాడు అనాథ అయ్యాడు. మీ హాస్టల్ రోజుల సంగతులు పిల్లలకు చెప్పి ఉండకపోతే ఇదే సమయం.

అప్పుడు డబ్బు ఎక్కడికి పంపాలి? ఇంటికి. అంటే పిల్లను ఇంట్లోనే ఉంచే పనికి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒక పందిపిల్ల. పశ్చిమ తరాయిలో దాంగ్, బర్దియా, కైలాలీ జిల్లాల్లో థారూ ప్రజలుంటారు. వాళ్ల పెద్ద పండగ మాఘీ, మన సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది. ఆ పండగనాడే పేద థారూ ఇళ్లలో ఏడెనిమిదేళ్ల ఆడపిల్లల్ని ఏడాది ఒప్పందం మీద ఊళ్లలో, పట్నాల్లో ఇంటిపనికి పంపేసేవారు. వాళ్లను కమ్లరీలు అనేవారు. ఓల్గా ముర్రే అనే అమెరికన్ న్యాయవాది స్థాపించిన నేపాల్ యూత్ ఫౌండేషన్ 2000లో ఆ ఊళ్లలో తిరిగి ఒక లెక్క వేసింది. పిల్లను పంపితే ఇంటికి వచ్చేది ఎంత? ఒక పందిపిల్లను పెంచి అమ్మితే దాదాపు అంతే. సంస్థ ఇంటింటికీ ఒక పందిపిల్లనో మేకనో ఇచ్చింది, బడి ఖర్చు తాను పెట్టుకుంది. పిల్ల ఇంట్లోనే ఉంది. అలా వేలమంది ఇల్లు చేరారు. తర్వాత ఆ అమ్మాయిలే జెండాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 2013లో ప్రభుత్వం కమ్లరీ పద్ధతి రద్దయిందని ప్రకటించింది. అంతకుముందే, చిన్నప్పటి నుంచీ కమ్లరీగా పనిచేసిన శాంతా చౌధరి 2008లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. ఆశ్రమంలో మంచం స్పాన్సర్ చేయమని అడిగేవాళ్ల బ్రోషర్లలో పందిపిల్ల బొమ్మ ఉండదు. ఏం చేస్తాం, పందిపిల్ల బొమ్మ చూస్తే ఎవరికీ కన్నీళ్లు రావు కదా.

పిల్లల్ని ఉంచుకునే ఇళ్లన్నీ మోసమేనని మాత్రం అనుకోవద్దు. పుష్పా బస్నేత్ అనే నేపాలీ అమ్మాయి కాలేజీలో చదువుతుండగా కాఠ్మాండూ జైలుకు వెళ్లి, శిక్ష పడ్డ తల్లులతోపాటు లోపలే పెరుగుతున్న పిల్లల్ని చూసింది. 2005లో స్నేహితుల దగ్గర కొద్దికొద్దిగా పోగుచేసి, తల్లుల ఒప్పుదలతో వాళ్లకు పగటిబడి పెట్టింది. తర్వాత ఇల్లూ ఏర్పాటు చేసింది. ఆ పిల్లలు సెలవుల్లో జైలుకు వెళ్లి తల్లుల్ని చూసి వస్తారు. తేడా ఎక్కడుందో గమనించారా? తల్లి ఎవరో అక్కడ అందరికీ తెలుసు.

కాబట్టి సంస్థకు రాసే మొదటి ఉత్తరం మీ అమ్మాయి చేతే రాయించండి. మీ దగ్గరున్న పిల్లల్లో ఎందరికి అమ్మానాన్నలున్నారు? పండక్కి ఇంటికి పంపుతారా? పోయిన ఏడాది ఎంతమంది తిరిగి ఇల్లు చేరారు? నేపాల్ సమాజ కల్యాణ పరిషత్‌లో నమోదయ్యారా? అమెరికాలో నమోదైన సంస్థ అయితే ఏటా ప్రభుత్వానికి ఇచ్చే 990 ఫారం ఎవరైనా చూడవచ్చు, జీతాలెంతో పనికెంతో అందులోనే ఉంటుంది. బ్రిటన్‌లో చారిటీ కమిషన్ రిజిస్టరు ఉంది. ఇలా అడిగితే వాళ్లు నొచ్చుకుంటారేమోనని మన మొహమాటం. మంచి సంస్థలు నొచ్చుకోవు, ఓపిగ్గా పేజీలకు పేజీలు రాస్తాయి. జవాబు బదులు ముద్దుముద్దు ఫొటోలు వస్తే అక్కడితో ఆపెయ్యమనండి.

ఫొటోల మాట వచ్చింది కనుక: చిరిగిన చొక్కాతో ముక్కు కారుతున్న పిల్లవాడి బొమ్మ పోస్టరు మీద వేస్తే డబ్బు ఎక్కువ పడుతుంది, నిజమే. మీ అబ్బాయి ఫొటో అలా ఎవరైనా సిడ్నీలో గోడకు అంటిస్తే ఊరుకుంటారా?

ఇక పోగుచేసే పని. మీరే చెక్కు రాసిచ్చేస్తే ఆ పిల్లకు ఏమీ మిగలదు. సమోసాలు వేయించాలి, దీపావళి సంబరాల్లో టేబుల్ అడగాలి, తెలుగు సంఘం పెద్దాయన "చూద్దాంలేమ్మా" అంటే మళ్లీ వారం ఫోన్ చేయాలి. వంద గడపలు తొక్కితే ఇరవై తలుపులు తెరుచుకుంటాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఆ అడగడమే మన పిల్లలకు రాదు. మీరు చేయగల అసలు సాయం వేరే ఉంది. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి తామూ కొంత కలుపుతాయి. మీ ఆఫీసులో ఆ ఏర్పాటు ఉందేమో, మీ అమ్మాయి ఎంచుకున్న సంస్థ ఆ జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే మీ వంతుగా మీరిచ్చే విరాళానికి కంపెనీ డబ్బూ తోడవుతుంది. వచ్చిన డబ్బు మీ సొంత ఖాతాలో పడనివ్వకండి. దాతలే నేరుగా సంస్థకు ఇచ్చేలా చూస్తే పన్ను గొడవా ఉండదు, మాటా పడదు.

వస్తువులు పంపుతామంటే వద్దని చెప్పండి. పాత స్వెట్టర్లు, నోటుపుస్తకాలు పెట్టెలకెత్తి పంపితే వాటి రవాణా ఖర్చుతో కాఠ్మాండూ అసన్ బజారులో కొత్తవి కొనవచ్చు, అక్కడి దుకాణదారుకూ నాలుగు రూపాయలు మిగులుతాయి. నేపాల్‌లో బడులు వైశాఖంలో, అంటే ఏప్రిల్ మధ్యలో తెరుస్తారు. ప్రభుత్వ బడిలో పాఠ్యపుస్తకాలు ఉచితమే అయినా యూనిఫాం, బూట్లు, సంచీ కొనాల్సింది అప్పుడే. అమెరికాలో మీ పిల్లలు జూన్‌లో వేసవి సెలవులిచ్చాక తీరిగ్గా మొదలుపెడితే ఆ ఏడాది అవసరం దాటిపోయినట్టే.

వేసవిలో రెండు వారాలు వెళ్లి ఆశ్రమంలో పాఠాలు చెబుతామంటారు. ఇక్కడ మాత్రం మెత్తగానే అయినా గట్టిగా కాదనండి. ప్రతి పక్షానికీ ఒక కొత్త అక్క వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతుంటే ఆ పసివాళ్లకు ఏమవుతుంది? పైగా టూరిస్టు వీసా మీద వాలంటీరు పని చేయడం నేపాల్ నిబంధనలకు విరుద్ధం. నేపాల్ చూడాలనుంటే కుటుంబమంతా వెళ్లండి. కొండదారుల్లో నడవండి, టీ దుకాణంలో దాల్‌భాత్ తినండి, హోమ్‌స్టేలో ఉండండి. ఆ ఇంటావిడకు మీరిచ్చే అద్దె ఆమె పిల్లల్ని ఊళ్లోనే చదివిస్తుంది.

"వెళ్లకుండా కూర్చుంటే మ్యాగీ డోయిన్ అయ్యేదా?" అని మీ అమ్మాయి ఎదురడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. న్యూజెర్సీకి చెందిన మ్యాగీ స్కూలు ముగించి కాలేజీకి వెళ్లే ముందు తిరుగుతూ నేపాల్ చేరింది. సుర్ఖేత్‌లో ఎండిన ఏటిలో రాళ్లు కొడుతున్న పాపను చూసింది. పసిపిల్లల్ని ఆడించి దాచుకున్న 5,000 డాలర్లు పంపమని ఇంటికి ఫోన్ చేసింది. అమ్మానాన్న పంపారు. ఆ డబ్బుతో స్థలం కొంది, అక్కడ ఇల్లు, ఆపై 2010లో బడి వెలిశాయి. 2015లో సీఎన్ఎన్ ఆమెను ఆ ఏడాది హీరోగా ఎంచుకుంది. కానీ మ్యాగీ రెండు వారాలు ఉండి రాలేదు. ఏళ్లకేళ్లు సుర్ఖేత్‌లోనే కాపురం ఉంది. అంతకు సిద్ధమైన రోజున మీ అమ్మాయి మిమ్మల్ని అనుమతి అడగదు లెండి.

ఇంకొకరు అడ్డుపడతారు. తెనాలి నుంచి వీడియో కాల్‌లో నానమ్మ, "మన ఊళ్లో లేని పిల్లలా? నేపాలెందుకే?" అంటుంది. వాదించకండి. హైదరాబాదులో రాత్రుళ్లు ఈల వేస్తూ కర్ర తాటించుకుంటూ వీధులు కాసిన గూర్ఖా గుర్తున్నాడా అని నానమ్మనే అడగమనండి. నెలకోసారి గుమ్మంలో నిలబడి సలాం చేసి పదో ఇరవయ్యో తీసుకుపోయేవాడు. అతని పిల్లలు ఎక్కడ పెరిగారో, ఎవరు చూసుకున్నారో మనం ఏనాడూ అడగలేదు. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు అక్కడి లేబర్ క్యాంపుల్లో నేపాలీలతో ఒకే గదిలో పడుకుంటున్నారు. నానమ్మకు ఈ సంగతులు మీ అమ్మాయి చెబితే ఎక్కుతాయి. మీరు చెబితే ఎక్కవు.

డబ్బు పంపేశాక పని అయిపోలేదు. సమోసా కొన్న ప్రతి ఒక్కరికీ ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎక్కడికి పంపాం అని ఒక పేజీ లెక్క రాయించండి. ఆరు నెలలకు సంస్థ దగ్గర్నుంచి ఏం జరిగిందో తెలుసుకుని మరో పేజీ. ఆ రెండో పేజీ రాసే రోజుకు పరీక్షలు మీద పడి ఉంటాయి, మొదటి ఉత్సాహమూ ఉండదు. గుర్తు చేయాల్సింది అప్పుడే, అదీ ఒక్కసారే.