శిక్షణాంత కవాతు: కుటుంబీకులకు కొన్ని సూచనలు

తూర్పు నౌకాదళ కమాండ్ ప్రధాన కేంద్రం 1968 నుండి మన విశాఖపట్నంలో ఉన్నది. 1971 యుద్ధ స్మృతిగా జరిగే నౌకాదళ దినోత్సవ విన్యాసాలను మన నగరవాసులు రామకృష్ణా బీచిలో నిలబడి అనేక సంవత్సరాలు తిలకించారు. ఆ వేడుక చూచుటకు ఆహ్వానపత్రంతో పని లేదు. కాని మన పిల్లలు నౌకాదళ అధికారులయ్యే వేడుక అట్టిది కాదు. అది కేరళలోని కన్నూరు జిల్లా ఎజిమలలో, 2009లో ప్రారంభమైన భారత నౌకాదళ అకాడమీలో జరుగుతుంది. అక్కడికి వెళ్లే కుటుంబీకులు తెలిసికొనవలసిన విషయాలను ఇక్కడ వివరింపదలచాము.

ఇంటర్మీడియట్ పిదప నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరినవారు ఖడక్‌వాస్లాలో మూడేండ్లు చదివి, ఒక సంవత్సరం ఎజిమలలో శిక్షణ పొందుతారు. బి.టెక్. ప్రవేశం ద్వారా నేరుగా ఎజిమలలోనే నాలుగేండ్లు చదివేవారూ ఉన్నారు. ఖడక్‌వాస్లాలో 2022 నుండి బాలికలకు కూడా ప్రవేశం లభించింది.

శిక్షణాంత కవాతు సాధారణంగా మే, నవంబరు నెలల చివర జరుగుతుంది. కవాతు ముగింపులో శిక్షణార్థులు క్వార్టర్‌డెక్ ఎదుటగా మందగతిని నడచిపోతారు. దీనిని ‘అంతిమ్ పగ్’, అనగా చివరి అడుగు అంటారు. ఆ తరువాత వారి భుజాలపై అధికార చిహ్నమైన చారలను తల్లిదండ్రులు అలంకరిస్తారు. కనుక తల్లిదండ్రులు అక్కడ కేవలం ప్రేక్షకులు కారు. ఆ వేడుకలో వారికీ ఒక పాత్ర ఉన్నది.

మొదట గమనింపవలసినది పేర్ల విషయం. మన ముస్లిం కుటుంబాలలో ఒకే వ్యక్తి పేరు ఒక పత్రంలో ‘షేక్’ అనియు, మరొక పత్రంలో ‘ఎస్.కె.’ అనియు ఉంటుంది. తల్లి పేరు చివర ఒకచోట ‘బీబీ’, వేరొకచోట ‘బేగం’ కనిపిస్తుంది. ఇంటిలో దీనిని ఎవరూ పట్టించుకొనరు. రక్షణ స్థావరపు ద్వారం వద్ద కావలివాడు మనిషిని ఎరుగడు, కాగితాన్నే ఎరుగును. కావున అతిథుల వివరాలు పంపేటప్పుడు గుర్తింపు కార్డులో ఉన్న పేరునే అక్షరం తప్పకుండా వ్రాయవలెను. అసలు కార్డునే వెంట తీసికొని వెళ్లవలెను.

రెండవది ప్రయాణం. మన నగరం నుండి చెన్నై మీదుగా పయ్యనూరు స్టేషను చేరుటకు ఒక రాత్రి, ఒక పగలు మించి పడుతుంది. కనీసం ఒకరోజు ముందుగా చేరుట మంచిది. మే నెల చివర కేరళలో వర్షాలు మొదలయ్యే కాలం గనుక అందుకు తగిన ఏర్పాటు ఉండవలెను. సెల్‌ఫోను, కెమెరా, చేతిసంచుల విషయంలో ఆహ్వానంలోని నియమాలను తప్పక పాటించవలెను. అనుమతించిన సంఖ్యకు మించి బంధువులను తీసికొని వెళ్లి ద్వారం వద్ద చిన్నబుచ్చుకొనుట తగదు.

మూడవది కొంత సున్నితమైనది. దేహదారుఢ్య పరీక్షలోనో, చదువులోనో వెనుకబడిన శిక్షణార్థిని మరొక టర్మ్ నిలిపివేయుట అకాడమీలలో ఉన్నదే. అబ్బాయి వద్దనుండి ఖాయమైన కబురు రాకముందే వీధివీధినా చాటుకొనుట, టిక్కెట్లకై అప్పు చేయుట మంచిది కాదు. ఒకవేళ ఆలస్యమైనచో దానిని అవమానంగా భావింపరాదు. ఆ సమయంలో బిడ్డకు కావలసినది మందలింపు కాదు, ఇంటి ధైర్యం.

చివరగా తల్లులకు ఒక మాట. “నాకు ఇంగ్లీషు రాదు, హిందీ సరిగా రాదు, అంతమంది పెద్దల మధ్య నేనెందుకు?” అని ఇంటివద్దనే ఉండిపోవు తల్లులు ఉన్నారు. చార అలంకరించుటకు భాషతో పని లేదు. తెల్లవారుజామున లేపి చదివించిన చేయి ఆ భుజంపై పడవలెను. ఖర్చు ఒక్కరికే సరిపోతే తల్లినే పంపుట న్యాయమని మా అభిప్రాయం.

మన విద్యార్థులలో ఎవరైనా ఆ మెట్టు ఎక్కిన నాడు, పత్రాలు నింపుటలోను, ప్రయాణపు ఖర్చులోను ఆ కుటుంబానికి కళాశాల కమిటీ అండగా నిలువవలెనని సవినయంగా కోరుతున్నాము.