పాఠం 14: ఓవెన్‌తో సర్క్యూట్ బోర్డుల సోల్డరింగ్

14.1 ఉపోద్ఘాతం

రేడియో, టీవీ బాగుచేసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కొక్క కాలును అతికించడం మీరు చూసే ఉంటారు. నేటి బోర్డులపై చాలా భాగాలకు రంధ్రాల్లో దూర్చే కాళ్ళుండవు. కొన్ని ఐ.సి.లకు అతుకులు అడుగుభాగంలోనే ఉంటాయి. అక్కడికి ఐరన్ మొన చేరదు. అందుకే కర్మాగారాలలో బోర్డుకు సోల్డర్ పేస్టు పూసి, భాగాలు అమర్చి, మొత్తాన్ని ఓవెన్‌లో వేడిచేస్తారు. బ్రెడ్డు కాల్చే చిన్న ఓవెన్‌ను మార్చుకుని ఈ పని ఇంట్లోనూ చేయవచ్చు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు

- వేడిని, కాలాన్ని కలిపి ఎందుకు అదుపుచేయాలో వివరించగలుగుతారు.
- ఓవెన్‌లో చేయవలసిన మార్పులను చెప్పగలుగుతారు.
- పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

14.2 వేడి, కాలం

సోల్డర్ పేస్టులో సన్నని సోల్డర్ రేణువులు, ఫ్లక్సు కలిసి ఉంటాయి. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్ 183° సె. వద్ద కరుగుతుంది. మరి ఓవెన్‌ను 183°కు చేర్చితే చాలదా? చాలదు. ఒక్కసారిగా వేడెక్కితే సెరామిక్ కెపాసిటర్లు పగలవచ్చు. మరీ నెమ్మదిగా వేడెక్కితే ఫ్లక్సు ముందే అయిపోయి అతుకు సరిగా పట్టదు. కాబట్టి నాలుగు దశలు పాటించాలి.

1. వేడెక్కించడం: సెకనుకు 1 నుంచి 3 డిగ్రీల చొప్పున 150° వరకు.
2. నిలకడ: 150°, 180° మధ్య 60 నుంచి 120 సెకన్లు. చిన్న, పెద్ద భాగాలన్నీ సమానంగా వేడెక్కుతాయి.
3. కరిగించడం: గరిష్ఠంగా 210° నుంచి 220°. 183°కు పైన 30 నుంచి 90 సెకన్లు.
4. చల్లార్చడం: సోల్డర్ గట్టిపడేవరకు బోర్డును కదపరాదు.

ఇవి సాధారణ విలువలు. మీ పేస్టుతో ఇచ్చిన పట్టికను అనుసరించండి. సీసం లేని పేస్టులలో చాలావాటికి ఇంకా ఎక్కువ వేడి కావాలి.

14.3 ఓవెన్‌లో మార్పులు

ఓవెన్‌లోని ద్విలోహ పట్టీ థర్మోస్టాట్ ఆలస్యంగా పనిచేస్తుంది. దాని బదులు మూడు పరికరాలు అమర్చాలి. కె-రకం థర్మోకపుల్ ఉష్ణోగ్రతను కొలుస్తుంది. దాని కొన బోర్డును తాకి ఉండాలి. గాలి వేడి, బోర్డు వేడి ఒకటి కావు. మైక్రోకంట్రోలర్ ఆ కొలతను పై దశలతో పోల్చుతుంది. దాని ఆజ్ఞ ప్రకారం సాలిడ్ స్టేట్ రిలే హీటర్లకు కరెంటు ఇస్తుంది, ఆపుతుంది.

1500 వాట్ల ఓవెన్ 230 వోల్టుల వద్ద ఎంత కరెంటు తీసుకుంటుంది? 1500 ÷ 230 = సుమారు 6.5 ఆంపియర్లు. కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్ చాలదు, 16 ఆంపియర్లది వాడాలి. రిలేకు హీట్ సింక్ తప్పనిసరి.

14.4 జాగ్రత్తలు

- రిలే చెడిపోతే సాధారణంగా ‘ఆన్’లోనే ఉండిపోతుంది. అప్పుడు మైక్రోకంట్రోలర్ ఆపమన్నా ఓవెన్ కాలుతూనే ఉంటుంది. అందుబాటులో వేరే మెయిన్ స్విచ్ ఉంచండి. పని ముగిసేవరకు అక్కడే ఉండండి.
- ఓవెన్ లోహపు పెట్టెకు ఎర్త్ వైరు కలపండి. కరెంటు పని తెలిసినవారితో వైరింగు చేయించండి.
- ఫ్లక్సు పొగ పీల్చరాదు. కిటికీలు తెరవండి. పని తరువాత చేతులు కడుక్కోండి.
- ఈ ఓవెన్‌లో మళ్ళీ ఎన్నడూ ఆహారం వండరాదు. సీసం ముఖ్యంగా పిల్లలకు హాని చేస్తుంది. “వంటకు కాదు” అని ఓవెన్‌పై రాసి, వంటగది బయట ఉంచండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. థర్మోకపుల్ కొన బోర్డును ఎందుకు తాకి ఉండాలి?
2. వేరే మెయిన్ స్విచ్ ఎందుకు అవసరం?

జవాబులు

1. గాలి వేడి, బోర్డు వేడి వేరువేరుగా ఉంటాయి.
2. రిలే ‘ఆన్’లో ఉండిపోతే కరెంటు ఆపడానికి.