‘సెవెన్త్ సెన్స్’లో అరవింద్‌ని ఎవరడిగారు?

మురుగదాస్ తీసిన ‘సెవెన్త్ సెన్స్’ (2011) అనగానే మనకు గుర్తొచ్చేది కళ్లతో మనుషుల్ని ఆడించే విలన్. ఈ మధ్య మళ్లీ చూస్తుంటే నేను వేరేచోట ఆగిపోయిన. హీరోయిన్ శుభ జెనెటిక్ ఇంజినీరింగ్ స్టూడెంట్. సర్కస్‌లో పనిచేసే అరవింద్ బోధిధర్ముడి వంశంవాడని తెలుసుకుని, అతనికి చెప్పకుండానే అతని మీద పరిశోధన మొదలుపెడుతుంది. అతనేమో ప్రేమ అనుకుంటాడు. నిజం తెలిశాక అతను పడే బాధను మనం లవ్ ఫెయిల్యూర్ ఖాతాలో వేసేస్తాం. కానీ అక్కడ జరిగిన అసలు తప్పు, మనిషిని అడగకుండా అతన్ని శాంపిల్ చేయడం.

మన దేశంలో ఇలాంటి పరిశోధనలకు ఐసీఎంఆర్ మార్గదర్శకాలున్నాయి. మొదటివి 1980లో, ఇప్పుడు వాడుతున్నవి 2017లో వచ్చాయి. ఎందుకు చేస్తున్నారు, రిస్క్ ఏంటి, మధ్యలో మానేయొచ్చా అన్నవి అవతలి మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి, ఆ తర్వాతే సమ్మతి తీసుకోవాలి. చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితోపాటు, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి.

సినిమాలో చివరికి అంతా మంచే జరుగుతుంది కాబట్టి శుభను క్షమించేస్తాం. ఖమ్మంలో అట్ల కుదరలేదు.

2009 జూలైలో పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే ప్రాజెక్టు నడిచింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణంగా కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. టీకా చెడ్డదని నేనూ అనడం లేదు, సర్వైకల్ క్యాన్సర్ రాకుండా చాలా దేశాల్లో వేస్తున్నదే.

కథంతా కాగితాల దగ్గరే ఉంది. 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటరీ కమిటీ నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు! వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితంలో ఏముందో ఎవరు చదివి చెప్పారు? మా మోత్కూర్ దిక్కు పిల్లల్ని హాస్టల్ల ఏసినంక అన్నిటికీ వార్డెన్ సారే దిక్కు. అయితే ఔటింగ్ చీటీ మీద సంతకం వేరు, పిల్ల ఒంట్లోకి పోయే సూది కోసం పెట్టే సంతకం వేరు.

ఇది బయోటెక్ వాళ్ల గొడవే అనుకోకండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం పల్స్ సెన్సర్ పట్టుకుని రూమ్మేట్ల మీద పడేవాళ్లం మనమే. ఆ రీడింగులు ఎక్కడ దాస్తాం, ఎవరికి చూపిస్తాం అన్నది తెలుగులో ఒక పేజీ రాసి ముందే చేతికివ్వండి. ‘మధ్యలో వద్దంటే ఆపేస్తాం’ అన్న లైను మాత్రం మర్చిపోవద్దు, అవతలివాడు ఎంత క్లోజ్ ఫ్రెండ్ అయినా సరే.