అయస్కాంతపు కవ్వము

పెరుగు చిలుకుటకు కవ్వము కావలెను. మూత తీయకయే సీసాలోని ద్రవమును కలియబెట్టు కవ్వము మరియొకటి కలదు. అమెరికాలో ఇంట బీరు చేసికొనుటను 1978 నాటి కేంద్ర చట్టము అనుమతించినది. అట్లు చేసికొనువారు ఈస్టును పెంచుటకు దీనిని స్వయముగా అమర్చుకొందురు. ఎడతెగక కదలు ద్రవములో ఈస్టు అడుగంటక, గాలి సోకి, త్వరగా వృద్ధిపొందును. మన రాష్ట్రమున లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము. అయినను పరికరములో దోషము లేదు. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఉప్పు, పటిక ద్రావణములు కలుపుటకు మిక్కిలి ఉపకరించును.

పాత కంప్యూటరులోని 12 వోల్టుల పంకా చాలును. దాని నడిమి భాగముపై రెండు చిన్న అయస్కాంతములను, ఒకదాని ఉత్తర ధ్రువము, రెండవదాని దక్షిణ ధ్రువము పైకుండునట్లు అంటింపవలెను. నడిబిందువునుండి అవి సమదూరమున లేనిచో సీసాలోని కడ్డీ ప్రక్కకు ఎగిరిపడును. మేమును మొదట ఇచ్చటనే తడబడితిమి. పంకాను చెక్కపెట్టెలో బిగించి, పైన పలుచని ప్లాస్టిక్ పలకను మూయవలెను. ఇనుపరేకు పనికిరాదు. పలకపై చదునైన అడుగుగల గాజుసీసా నుంచి, అందు ప్లాస్టిక్ తొడుగుగల అయస్కాంతపు కడ్డీని వేసి, వేగమును మెల్లగా పెంచవలెను.

పంకాను ఇంటి కరెంటునకు నేరుగా కలుపరాదు. 12 వోల్టుల అడాప్టరు ఉండితీరవలెను. అయస్కాంతములు పసిపిల్లలకు అందరాదు. రెండు మ్రింగినచో అవి ప్రేగుల గోడల నడుమ అంటుకొని రంధ్రము చేయగలవు. అట్టి బిడ్డను తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.